ఇంటి ఆక్వేరియంలో పగడం నలతపడితే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్న తెలుగువారి నుంచి నాకు వచ్చే సందేశాలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. నీలిరంగు దీపాల కింద మసకగా తీసిన ఒక ఫోటో, దాని కింద "ఇదేం జబ్బు, ఏ మందు వేయాలి?" అన్న ప్రశ్న. టెక్సాస్‌లోని మా ఇంట్లో 280 లీటర్ల ట్యాంకుతో పదకొండేళ్లుగా సావాసం చేసినవాడిగా నేను చెప్పగలిగింది ఏమిటంటే, పగడానికి మందు అవసరమైన సందర్భాలు తక్కువ, నీళ్లో వెలుగో పొరుగు పగడమో కారణమైన సందర్భాలు ఎక్కువ. మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలను కింద దశలవారీగా చేర్చాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్లవచ్చు.

## తొలి అనుమానం

నిన్నటిదాకా బాగా విచ్చుకున్న పగడం ఇవాళ ముడుచుకుపోయింది. జబ్బేనా?

ఒక్కరోజు ముడుచుకోవడం జబ్బు కాదు. పగడం మొక్క కాదు, జంతువు. చోటు మార్చినా, నీళ్లు మార్చినా, చేప పొడిచినా తనను తాను లోపలికి లాక్కుంటుంది. జోవాలు, అంటే చిన్న పువ్వుల గుంపులా కనిపించే పగడాలు, చోటు మారాక రెండు మూడు రోజులు మూసుకుని ఉండటం మామూలే. తోలులా కనిపించే మెత్తటి లెదర్ పగడం అయితే అప్పుడప్పుడు పైన మైనం పూసినట్టు మెరిసి, పాలిప్‌లన్నీ (నోరూ స్పర్శకాలూ ఉండే పువ్వుల్లాంటి చిన్న జీవులు) లోపలికి పోయి, వారం పాటు చచ్చినదానిలా పడి ఉంటుంది. తరవాత ఆ పొర చిరిగి ప్రవాహంలో కొట్టుకుపోగానే ముందుకన్నా నిండుగా విచ్చుకుంటుంది. మొదటిసారి చూసినవారు కంగారుపడి దాన్ని బయటికి తీసి పారేసిన సందర్భాలు నాకు తెలుసు. కండ గట్టిగా ఉండి, దుర్వాసన లేకపోతే ఆగండి. మూడు నాలుగు రోజులు దాటినా విచ్చుకోకపోతే, లేదా కండ రాతి నుంచి విడిపోతున్నట్టు కనిపిస్తే అప్పుడు వెతకడం మొదలుపెట్టండి.

ఒక్క పగడమే బాగాలేదు, మిగతావన్నీ బాగున్నాయి. అంటే నీళ్లు మంచివే కదా?

చాలాసార్లు అంతే. పలు జాతులు ఒకేసారి ముడుచుకుంటే నీటిని, ఒక్కటే ముడుచుకుంటే దాని చుట్టుపక్కలను అనుమానించాలి. దీపాలు ఆరిపోయిన తరవాత పొరుగు పగడం ఏం చేస్తోందో చూడండి. గెలాక్సియా వంటి రాతి పగడాలు పగలు పొందికగా కూర్చుని, రాత్రి పొడవాటి దారాల్లాంటి స్పర్శకాలు చాచి పక్కవాటిని కుడతాయి. ఉదయానికి ఆ దారాలు ఉండవు, కుట్టిన వైపు కాలిన మచ్చ మాత్రం ఉంటుంది. మచ్చ ఒకే వైపు ఉందంటే సాధారణంగా పొరుగు తగాదాయే. కనీసం 15 సెంటీమీటర్ల దూరం పెంచండి. మెత్తటి పగడాలు తాకకుండానే నీళ్లలోకి రసాయనాలు వదిలి పోరాడతాయి కాబట్టి యాక్టివేటెడ్ కార్బన్ వాడకం కూడా మంచిది. ఇందులో ఒక మినహాయింపు ఉంది. కొమ్మలు కొమ్మలుగా పెరిగే ఆక్రోపోరా వంటి సుకుమారమైన జాతి ట్యాంకులో ఒక్కటే ఉంటే, నీటి లోపం మిగతావాటికన్నా ముందు దానిలోనే బయటపడుతుంది.

ఫోటో పంపితే జబ్బు చెప్పగలరా?

నీలి దీపం కింద తీసిన ఫోటో చూసి ఎవరైనా ధీమాగా జబ్బు పేరు చెబితే ఆ మాటను పట్టించుకోకండి. ఆ వెలుగులో పాలిపోయినది మెరుస్తుంది, చచ్చినది ఊదాగా కనిపిస్తుంది. తెల్ల దీపం వేసి, ప్రవాహం ఇచ్చే పంపులు ఆపి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, పగడం రాతికి అంటుకున్న అడుగుభాగం దగ్గరినుంచి ఒకటి తీయండి. ఫోటోల కన్నా విలువైనది గత రెండు వారాల్లో ఏం మారిందన్న జవాబు. కొత్త దీపమా, కొత్త ఉప్పు డబ్బానా, కొత్త చేపా, ఊరెళ్లినప్పుడు పక్కింటివారు నీళ్లు పోశారా, గదిలో దోమల మందు కొట్టారా? దోమల మందుల్లోని పైరెత్రాయిడ్‌లకు ముందుగా బలయ్యేవి రొయ్యలు, పీతలు. పగడం ముడుచుకున్న రోజే రొయ్య కూడా చచ్చి కనిపించిందంటే ఆ కోణాన్ని వదలకండి.

## నీటి పరీక్ష

ముందుగా ఏ పరీక్షలు చేయాలి? అన్ని కిట్లూ కొనాలా?

ఉష్ణోగ్రత, ఉప్పదనం, ఆల్కలినిటీ (ముఖ్యంగా నీటిలోని కార్బోనేట్‌లను చెప్పే కొలత), ఈ మూడింటితో మొదలుపెట్టండి. ఉష్ణోగ్రత 25 నుంచి 26.5 డిగ్రీలు, ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35) దగ్గర, ఆల్కలినిటీ దాని ప్రమాణమైన డీకేహెచ్‌లో 8 నుంచి 9 మధ్య ఉంటే ఇంటి ట్యాంకుకు నిశ్చింత. ఆ తరవాత నైట్రేట్, ఫాస్ఫేట్. చివరగా 400 నుంచి 450 పీపీఎమ్ (పది లక్షల పాళ్లలో ఇన్ని) మధ్య ఉండవలసిన కాల్షియం, 1250 నుంచి 1350 మధ్య ఉండవలసిన మెగ్నీషియం చూడండి. కాల్షియం కన్నా ఆల్కలినిటీని ముందు పెట్టడానికి కారణం ఉంది. రాతి పగడం తన సున్నపు చట్రాన్ని కట్టుకునేటప్పుడు 20 పీపీఎమ్ కాల్షియం వాడితే, దానితోపాటు 2.8 డీకేహెచ్ ఆల్కలినిటీ ఖర్చవుతుంది. అంటే కాల్షియం 430 నుంచి 410కి దిగి మీకు నిలకడగా ఉన్నట్టే కనిపిస్తున్నప్పుడు, ఆల్కలినిటీ 8.5 నుంచి 5.7కి కుప్పకూలి ఉంటుంది. అంకె 7.5లో ఉందా 9లో ఉందా అన్నదాని కన్నా, సోమవారం 9, గురువారం 7 అన్నట్టు ఊగిసలాడటమే పగడాన్ని ఎక్కువ బాధపెడుతుంది. అందుకే రోజూ ఒకే వేళకు పరీక్షించి రాసుకోండి. కిట్ మీది గడువు తేదీ కూడా చూసుకోవడం మరవకండి.

ఉప్పదనం కొలిచే నా రిఫ్రాక్టోమీటర్ 35 చూపిస్తోంది. ఉప్పు సరిగ్గానే ఉన్నట్టేగా?

ఈ నమ్మకంతోనే నేను మూడు నెలలు పోగొట్టుకున్నాను. హ్యామర్ పగడం రోజురోజుకూ చిక్కిపోతోంది, దాని సున్నపు గొట్టం అంచున పళ్లు బయటపడుతున్నాయి, కిట్లన్నీ బాగానే ఉందంటున్నాయి. దీపాలు తగ్గించాను, ప్రవాహం మార్చాను, అయొడిన్‌లో ముంచాను. చివరికి విసిగి 35 పీపీటీ ప్రమాణ ద్రావణం సీసా కొని రెండు చుక్కలు గాజు మీద వేసి వెలుగుకు ఎత్తి చూస్తే, నీలం తెలుపు కలిసే గీత 39 దగ్గర నిలిచి ఉంది. అంటే నేను 35 అనుకుంటున్న ట్యాంకు నిజానికి 31 దగ్గర ఉంది. అంతకుముందు నేను దాన్ని ఎప్పుడూ మంచినీటితో సున్నాకు సరిచేసేవాడిని. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న పరికరం 35 దగ్గర తప్పు చెప్పవచ్చు. రోజుకు 1 పీపీటీకి మించకుండా, ఆవిరైన నీటికి బదులు ఉప్పునీరు పోస్తూ పెంచాను. రెండు వారాల్లో కండ మళ్లీ గొట్టం అంచు దాటి పొంగింది. ప్రమాణ ద్రావణం లేకుండా ఏ కొలతనూ నమ్మవద్దు.

వంటింట్లోని వాటర్ ప్యూరిఫయర్ నీళ్లు పోస్తే సరిపోదా?

సరిపోదు. తాగేనీటి ప్యూరిఫయర్లు చాలావాటిలో రుచికోసం కొంత మామూలు నీటిని మళ్లీ కలిపే ఏర్పాటో, ఖనిజాలు చేర్చే కార్ట్రిడ్జో ఉంటుంది కాబట్టి టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం) సున్నాకు రాదు. ముఖ్యంగా బోరు నీళ్లు వచ్చే ఇళ్లలో ఆ మిగులుతో పాటు నైట్రేట్, సిలికేట్ కూడా ట్యాంకులోకి చేరి నాచును పెంచుతాయి. ఆర్ఓ ఫిల్టరు తరవాత, మిగిలిన లవణాలను పీల్చే డీఐ రెజిన్ గొట్టం తగిలించి, టీడీఎస్ 0 చూపించే నీటినే వాడాలి. ఉప్పు కలపడానికీ, ఆవిరైనంత నింపడానికీ అదే నీరు.

నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా. అంతకన్నా శుభ్రం ఏముంటుంది? అయినా రంగు వెలిసిపోతోంది.

శుభ్రం వేరు, పస్తు వేరు. పగడం కండలో ఉండే జూజాంతెల్లే అనే సూక్ష్మ శైవలాలు వెలుగుతో ఆహారం తయారుచేసి దానికి పెడతాయి. ఆ శైవలాలకు నైట్రోజన్, ఫాస్ఫరస్ కావాలి. రెండూ సున్నా అయితే పగడం పాలిపోయి, చర్మం పలచబడి, కింది చట్రపు గీతలు కనిపిస్తాయి. అడుగు ఇసుక మీద బుడగలతో కూడిన గోధుమరంగు జిగట పొర, అంటే డైనోఫ్లాజెల్లేట్‌లు, పరుచుకునే ప్రమాదమూ ఉంది. చేపలకు మేత పెంచండి, ఫాస్ఫేట్ పీల్చే మీడియా తీసేయండి, నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05 దరిదాపుల్లో నిలబెట్టండి.

వేసవిలో ట్యాంకు 30 డిగ్రీలు దాటుతోంది. తట్టుకుంటాయా?

కొన్ని గంటలు తట్టుకుంటాయి, కొన్ని వారాలు తట్టుకోలేవు. సముద్రంలోని దిబ్బలపైన కూడా, ఏడాదిలో అత్యంత వేడి నెల సగటు కన్నా 1 డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు నిలిచిందంటే పగడాలు తెల్లబడటం మొదలవుతుంది. 1998లో ప్రపంచమంతటా జరిగినది ఇదే. విజయవాడ ఎండల్లో నీటిని చల్లబరిచే యంత్రమో (చిల్లర్) ఏసీనో లేకుండా రాతి పగడాలు పెంచాలనుకోవడం సాహసమే. నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, కానీ ఉక్కపోత ఉన్న ఊళ్లలో అంత ఫలితం రాదు. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు, అందువల్ల ఆ లోటును మంచినీటితోనే నింపాలి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ గాలి పంపు తప్పనిసరి.

## గుర్తులు చదవడం

పగడం తెల్లబడిపోయింది. బ్లీచింగా, చచ్చిపోయిందా?

ఈ రెండింటికీ తేడా తెలియక బతికున్న పగడాలను పారేసేవారు ఎక్కువ. పంపులు ఆపి, పక్కనుంచి టార్చి వేసి భూతద్దంతో చూడండి. తెల్లదనం మీద తడి గాజులాంటి పలుచని పొర ఉండి, చట్రపు అంచులు ఆ పొర కింద కాస్త మెత్తగా కనిపిస్తే అది బ్లీచింగ్. శైవలాలు వెళ్లిపోయాయి, కండ ఉంది, రాత్రి చిన్న స్పర్శకాలు కూడా బయటికి వస్తాయి. పొర లేకుండా అంచులు పదునుగా, సుద్దముక్కలా పొడిబారినట్టు ఉంటే అది ఉత్త చట్రం. నాలుగైదు రోజుల్లో దానిమీద పచ్చని నూగు పడుతుంది. బ్లీచింగ్ అయితే వెలుగు సగానికి తగ్గించి, ఉష్ణోగ్రత నిలకడగా ఉంచి, పాలిప్‌లు బయటికి వచ్చే వేళకు సన్నటి ఆహారం అందించండి.

రంగురంగుల ఆక్రోపోరా తెచ్చి పెట్టాక గోధుమరంగుకు దిగిపోయింది. చచ్చిపోతోందా?

లేదు. వెలుగు తక్కువై గాని, పోషకాలు ఎక్కువై గాని కండలోని శైవలాలు పెరిగాయి, అంతే. అందం తగ్గింది, ప్రాణానికి ముప్పు లేదు.

అడుగు నుంచి చర్మం ఊడిపోతూ పైకి వస్తోంది. ఏం చేయాలి?

చర్మం వారాల తరబడి కొద్దికొద్దిగా వెనక్కి తగ్గుతుంటే దాన్ని ఎస్‌టీఎన్ (స్లో టిష్యూ నెక్రోసిస్) అనీ, గంటల్లోనే తోలు ఒలిచినట్టు ఊడిపోతే ఆర్‌టీఎన్ (ర్యాపిడ్ టిష్యూ నెక్రోసిస్) అనీ అంటారు. నెమ్మదిగా ఊడేదానికి ఆల్కలినిటీ ఊగిసలాట, కిందికి వెలుగూ ప్రవాహమూ అందకపోవడం, అడుగున దాగిన పురుగులు సాధారణ కారణాలు. వెతకడానికి వ్యవధి ఉంటుంది. వేగంగా ఊడేదానిలో ఆ వ్యవధి ఉండదు. కారణం తెలిసేదాకా ఆగకుండా, తెల్లని గీతకు కనీసం ఒక సెంటీమీటరు పైన, బాగున్న కండలోనే కొమ్మను కత్తిరించి, కొత్త ముక్కలుగా వేరే చోట నిలపండి. గీత మీదనే కత్తిరిస్తే తెగులు ముక్కతోపాటే ప్రయాణిస్తుంది.

కొమ్మల చివరలు మాత్రమే తెల్లగా ఉన్నాయి. ఇది కూడా జబ్బేనా?

చివర నున్నగా, పాలిప్‌లతో తెల్లగా ఉంటే అది కొత్త ఎదుగుదల, సంతోషించండి. చివర పొడిగా, కాలినట్టు ఉండి పాలిప్ లేకపోతే, పోషకాలు దాదాపు సున్నాగా ఉన్న నీటిలో ఆల్కలినిటీ 10, 11కు పెంచారేమో చూసుకోండి.

టార్చ్ పగడం మీద గోధుమరంగు జిగురు చేరింది, దుర్వాసన వస్తోంది. కడిగేస్తే పోతుందా?

కడిగేముందు ప్రవాహపు పంపులన్నీ ఆపండి. హ్యామర్, టార్చ్, ఫ్రాగ్‌స్పాన్ పగడాలకు వచ్చే బ్రౌన్ జెల్లీ ఇది. ఆ జిగురులో కుళ్లిన కండ, దాన్ని తినే సీలియేట్ క్రిములు, బ్యాక్టీరియా కలిసి ఉంటాయి. జిగురు తునక కొట్టుకుపోయి పక్క పగడం మీద పడితే అక్కడా మొదలవుతుంది. సన్నటి గొట్టంతో జిగురును బకెట్‌లోకి పీల్చి పారేయండి, పగడాన్ని బయటికి తీయండి, తెగులు పట్టిన తలను గొట్టం కాడ దగ్గర రంపంతో కోసి వేరుచేయండి, మిగిలిన తలలను అయొడిన్ నీటిలో ముంచి వేరే పాత్రలో కొన్ని రోజులు గమనించండి. జబ్బు తలను కాపాడాలన్న ఆశతో గుంపు మొత్తాన్ని పోగొట్టుకోవద్దు.

నోరు తెరుచుకుని ఉంది, లోపలినుంచి తెల్ల దారాలు వస్తున్నాయి. ఏమిటవి?

అవి జీర్ణక్రియకు పనికొచ్చే తంతువులు. మేత వేసిన గంటకు కనిపిస్తే భోజనం. మేత లేకుండా, నోరు గంటలతరబడి తెరిచే ఉంటే తీవ్రమైన ఒత్తిడి. ఎక్కువసార్లు కారణం మితిమీరిన వెలుగే, కాబట్టి పగడాన్ని నీడకు దించి చూడండి.

## పురుగుల వేట

పగలంతా చూశాను, ఒక్క పురుగూ లేదు. కానీ కండ తగ్గుతూనే ఉంది.

పగలు చూడటమే పొరపాటు. దీపాలు ఆరిన రెండు గంటలకు, ఎర్ర కాగితం చుట్టిన టార్చితో, కిందనుంచి పైకి చూడండి. ఆక్రోపోరాను తినే బల్లపురుగు దాని రంగులోనే కలిసిపోతుంది. పురుగు దొరకదు గాని గుండ్రటి పాలిపోయిన కాట్లు, కండ పోయిన అడుగు కొమ్మ మీద తేనెరంగు గుడ్ల గుంపులు దొరుకుతాయి. పలకల్లా పెరిగే మాంటిపోరా పగడం మీద తెల్లని బొచ్చుముక్కలా ఉండే నూడిబ్రాంక్ అనే పెంకులేని నత్త పలక అడుగువైపు ఉంటుంది. జోవాలను తినే నూడిబ్రాంక్ తాను తిన్న జోవా రంగునే పులుముకుంటుంది, అదే ఆశ్చర్యం. మూసుకున్న జోవాల మధ్య ఒక్కటి కాస్త కదిలితే అది జోవా కాదు. వాటితోపాటు గుండ్రటి మెట్ల గూటిలా కనిపించే సన్‌డయల్ నత్తనూ ఏరేయండి.

ఎర్ర పురుగులకు కుక్కల మాత్ర వేయమంటున్నారు. నిజమేనా?

నిజమే. ఆక్రోపోరా మీద ఎర్ర చుక్కతో పసుపుగా, దుమ్ము రేణువంత ఉండే ఆ పురుగు రొయ్యజాతిది. కుక్కల నులిపురుగులకు వాడే మిల్బెమైసిన్ ఆక్సైమ్ దాన్ని చంపుతుంది. అదే మందు ట్యాంకులోని రొయ్యలనూ పీతలనూ కూడా చంపుతుంది కాబట్టి పగడాన్ని వేరే పాత్రలోకి మార్చి వాడటం వివేకం.

## చికిత్స

డిప్ చేశాను, అంటే పగడాన్ని పురుగుల మందు నీటిలో ముంచాను. పదిరోజులకే మళ్లీ పురుగులు. మందు నకిలీదా?

మందు నకిలీది కానక్కర్లేదు, గుడ్లు అసలైనవి. ఏ డిప్ అయినా కదిలే పురుగునే రాలుస్తుంది, గుడ్డు పెంకును దాటదు. ట్యాంకు నీటిలోనే మందు కలిపి, సీసా మీద రాసిన కొలతకు మించకుండా, 5 నుంచి 10 నిమిషాలు ముంచి, సిరంజితో నీళ్లు చిమ్ముతూ ఉండండి. తరవాత శుభ్రమైన ఉప్పునీటిలో కడిగి, ఆ డిప్ నీటిని ట్యాంకులో పోయకుండా పారేయండి. కనిపించిన గుడ్లను బ్లేడుతో గీకాలి, కొన్నప్పుడు పగడపు ముక్క అతికించి ఉన్న దిమ్మను (ఫ్రాగ్ ప్లగ్) విరిచి అవతల పారేయాలి. అయిదారు రోజులకోసారి చొప్పున నెలపాటు మళ్లీ ముంచాలి. జబ్బుతో సగం చచ్చిన పగడాన్ని రోజూ ముంచడం మాత్రం చికిత్స కాదు, హింస.

అమాక్సిసిలిన్ కలిపితే తగ్గుతుందట. ట్యాంకులోనే వేసేయనా?

వేయకండి. ఫ్లోరిడా తీరంలో 2014లో బయటపడిన రాతి పగడాల కండ ఊడే జబ్బుకు అక్కడి పరిశోధకులు అమాక్సిసిలిన్ కలిపిన ముద్దను గాయపు అంచున పూస్తున్నారు. సముద్రంలో కుమ్మరించడం లేదు. ట్యాంకులో వేస్తే చేపల మలాన్ని శుద్ధిచేసే బ్యాక్టీరియా దెబ్బతిని అమ్మోనియా పెరగవచ్చు, మందుకు లొంగని క్రిములూ తయారవుతాయి. తప్పదనుకుంటే వేరే పాత్రలో, వేరే నీటిలో చేయండి.

జోవాలు ఉన్న రాయి పాడైంది. మరిగించి శుభ్రం చేయవచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ మరిగించవద్దు. జోవాల్లో, మరీ ముఖ్యంగా వాటి దగ్గరి బంధువులైన పాలిథోవాల్లో పాలిటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. మరిగించినప్పుడు లేచే ఆవిరిని పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఘటనలు ఉన్నాయి. వాటిని కోసేటప్పుడు చేతికి గ్లోవ్స్, కంటికి అద్దాలు ఉండాలి. చిమ్మిన రసం కంట్లో పడితే ఆలస్యం చేయకుండా కడుక్కుని వైద్యుడి దగ్గరికి వెళ్లి, పాలిటాక్సిన్ అని పేరుపెట్టి చెప్పండి.

## కోలుకునేటప్పుడు

అన్నీ సరిచేశాను. ఎన్నాళ్లకు కోలుకుంటుంది?

తెల్లబడినదానికి రంగు రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఊడిన కండ మళ్లీ చట్రం మీదికి పాకడం ఇంకా నెమ్మది. వారానికోసారి ఒకే చోటు నుంచి, తెల్ల దీపం కింద ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి, కంటికి తెలియని ఎదుగుదల అందులో తెలుస్తుంది. ఈలోగా ఆతురతతో ఒకే వారంలో దీపమూ ప్రవాహమూ ఉప్పూ మారిస్తే, ఏది మేలు చేసిందో ఏది కీడు చేసిందో ఎప్పటికీ తేలదు.

చచ్చిందని ఎప్పుడు తేల్చుకోవాలి?

కండ ఎక్కడా లేక, చట్రం నిండా నాచు పట్టినప్పుడు. రాతి పగడాల్లో గింజంత కండ మిగిలినా వదలకండి. మా ఇంట్లో పోయిందనుకున్న ఒక బ్రెయిన్ పగడం, గాడిలో మిగిలిన గోరంత ముక్క నుంచి ఎనిమిది నెలల తరవాత మళ్లీ నోరు తెరిచింది. మెత్తటి పగడం అయితే జారుడుగా కరిగి వాసన వస్తే వెంటనే తీసేయాలి, లేకపోతే నీటిని పాడుచేస్తుంది.

పోయినదాని స్థానంలో ఇండియాలో కొత్త రాతి పగడం కొనవచ్చా?

ముందు చట్టం తెలుసుకోండి. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సీ ఫ్యాన్‌లతో సహా, 2001లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేరాయి. అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో తెచ్చామని ఎవరైనా చవకగా అమ్మజూపితే కొనడమే నేరం. లెదర్, మష్‌రూమ్, జోవా పగడాలు శాస్త్రరీత్యా ఆ వర్గాల్లోకి రావు. అయినా దిగుమతి కాగితాలు చూపించమని అడగండి, చూపించని దుకాణంలో కొనకండి. తెచ్చినదాన్ని డిప్ చేసి, కనీసం నెలపాటు విడి ట్యాంకులో ఉంచి, రాత్రిపూట టార్చితో చూసిన తరవాతే పెద్ద ట్యాంకులోకి దించండి.